చివరి వరుసకి వినబడేలా

1987 ఆగస్టు 4, మంగళవారం

ఆఫీసులో బార్బరా ఒక పేపర్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మా జెర్సీ సిటీ నుంచి ఇండియన్లందరినీ తరిమేస్తామని ఎవరో రాశారట. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు రోడ్డు మీద కనిపిస్తే వదలరట. నీకు చూపించడం మంచిదనిపించింది అంటూ బార్బరా నా కళ్లలోకి చూడకుండా నుదురు వైపు చూసింది.

ఇంటికొచ్చి ఆయనకి చెప్తే నవ్వారు. "పనీపాటా లేనివాళ్లు రాస్తారు, పేపర్ వాళ్లు ప్రింట్ చేస్తారు. ఇన్నేళ్లలో మనల్ని ఎవరైనా ఒక్క మాట అన్నారా పద్మా?" అన్నారు. నిజమే, ఎవరూ అనలేదు.

నాకేం భయం లేదు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, పని బోలెడుంది.

ఆగస్టు 7, శుక్రవారం

వ్రతం బాగానే జరిగింది. ఎడిసన్ నుంచి విద్య, శశికళ కార్లో వచ్చారు. విద్య బూరెలు చేసుకొచ్చింది. కింది పోర్షన్ నుంచి ఒడెస్సా గారిని కూడా పిలిచాను. ఇల్లు ఆవిడదే. మా అమ్మాయి రేణు స్కూలు నుంచి రాగానే మేం ఇల్లు చేరేదాకా ఆవిడ దగ్గరే ఉంటుంది, హోమ్‌వర్క్ కూడా ఆవిడే చేయిస్తుంది. అలాంటి మనిషిని పిలవకుండా ఎలా ఉంటాను? ముదురు నీలం పట్టు గౌను, చేతులకి తెల్ల గ్లవ్స్ వేసుకుని కచేరీకి వచ్చినట్టు వచ్చింది. ఒకప్పుడు నిజంగా కచేరీలు చేసిన మనిషే. పెద్ద పెద్ద క్లబ్బుల్లో పాడిందట.

పూజయ్యాక వరసగా అందరికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇస్తూ వచ్చాను. ఆవిడ అందరినీ శ్రద్ధగా చూస్తూ కూర్చుంది. తన దాకా రాగానే గ్లవ్స్ తీసేసి, వాళ్లంతా చేసినట్టే తల ముందుకి వంచి, కళ్లు మూసుకుంది.

నా చెయ్యి ఆగిపోయింది.

వాల్టర్ గారు పోయి మూడేళ్లయింది. భర్త పోయినవాళ్లకి వ్రతంలో బొట్టు పెట్టరు. ఆ నియమం నేను పెట్టింది కాదు కదా. కుంకం వేలు అలాగే ఉంచి, రెండో చేత్తో అరటిపళ్లు తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ కళ్లు తెరిచింది. నా వేలు చూసింది, తల ఎత్తింది. థాంక్యూ అంది. ప్రసాదం పూర్తిగా తిని, అందరికీ చెప్పి మరీ కిందికి వెళ్లింది.

"అమ్మా, ఒడెస్సా ఆంటీకి వై నో బొట్టు?" అని రేణు అందరి ముందూ అడిగింది. తర్వాత చెప్తానన్నాను.

విద్య వెళ్లేటప్పుడు, మంచి పని చేశావు, నువ్వు పెట్టేస్తావేమోనని హడలిపోయాం అంది. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా నేను చేసింది తప్పు కాదు. మా అమ్మ ఉన్నా అదే చేసేది.

ఆగస్టు 8

తప్పు కాదు.

ఆగస్టు 13, గురువారం

బస్ స్టాప్‌లో నిలబడి ఉంటే ఒక కారు నెమ్మదిగా వచ్చింది. అడ్రస్ అడుగుతారేమో అనుకుని నేనే ఒక అడుగు ముందుకి వేశాను. కోక్ డబ్బా విసిరారు. బ్యాగుకి తగిలింది, చీరంతా తడిసింది. 'డాట్‌హెడ్' అని అరిచి వెళ్లిపోయారు, చుక్క తల అని. స్టాప్‌లో ఉన్నవాళ్లు బస్సు వస్తోందేమోనని అటు చూడటం మొదలుపెట్టారు.

ఆఫీసు బాత్రూములో చీర కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను. స్టిక్కర్ చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

ఆగస్టు 14

ఒక పద్ధతి పెట్టుకున్నాను. మెట్లు దిగగానే, వీధి తలుపు పక్కన పోస్టు డబ్బా ఉంది కదా, దాని పైన గోడకి స్టిక్కర్ అంటించి వెళ్తాను. తిరిగొచ్చాక పెట్టుకుని పైకి వస్తాను. బొట్టు లేకుండా ఇంట్లో అడుగుపెట్టినట్టు కాదు, బొట్టుతో రోడ్డెక్కినట్టూ కాదు. చీర బదులు ప్యాంటు. కొన్నాళ్లు అలాగే కానీ అన్నారు ఆయన.

ఇది భయం కాదు, జాగ్రత్త.

ఆగస్టు 25, మంగళవారం

ఒడెస్సా గారు పాడటం మానేసింది. ఇంతకు ముందు పొద్దున్నే బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ పాడేది, మా వంటింటి నేల కింద నుంచి వినబడేది. నా కాఫీ దిగేసరికి రెండో పాట మొదలయ్యేది. వ్రతం రోజు నుంచీ వినబడటం లేదు.

రేణుని మాత్రం మునుపటిలాగే చూసుకుంటోంది. రేణుని తీసుకురావడానికి వెళ్తే తలుపు సగమే తీస్తుంది. ఆ సందులోంచి హాల్లో గోడ కనిపిస్తుంది, గోడ నిండా ఆవిడ ఫొటోలు. పైవరసలో జుట్టు ఇస్త్రీ పెట్టినట్టు సాపుగా, మెరుస్తూ ఉంటుంది. కింది వరసలో పొట్టిగా, రింగులు రింగులుగా, దేవుడిచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది. పైవరసలో వెనక పెద్ద బ్యాండ్, మెరిసే తెరలు. కింది వరసలో చర్చి బల్లలు, చెమట పట్టిన జనం.

ఆవిడ రోజూ గోడ మీద నా స్టిక్కర్ చూస్తూనే ఉండాలి. పోస్టు తీసుకునేది ఆవిడే.

సెప్టెంబర్ 6, ఆదివారం

ఇది రాయాలి.

శ్రీధర్ ఆదివారం భోజనానికి మా ఇంటికి వస్తాడు. ఆయన ఆఫీసులోనే జూనియర్ ఇంజినీరు, ఒంటరిగా ఉంటాడు, వదినా వదినా అంటూ చనువుగా ఉంటాడు. నేను వీధి మూలన లాండ్రోమాట్‌లో మెషీన్లో బట్టలు వేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. శ్రీధర్ రోడ్డు దాటుతూ నన్ను చూసి, చేతిలో స్వీట్ల డబ్బా పైకెత్తి చూపించాడు.

ముగ్గురు వచ్చారు. ఒకడి చేతిలో ఇనప కడ్డీ ఉంది. శ్రీధర్ వాళ్లకి దారి ఇవ్వడానికి పక్కకి జరిగాడు. ఇదే కళ్ల ముందు కదలాడుతోంది. కొట్టడానికి వచ్చినవాళ్లకి పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

కడ్డీ పట్టుకున్నవాడు నాకు తెలుసు. టైర్ల షాపులో పనిచేసే డెనిస్. చలికాలంలో మా కారు టైరు మార్చింది అతనే. రేణుకి లాలీపాప్ కూడా ఇచ్చాడు.

నేను కదల్లేదు. కేక వేయలేదు. వాళ్లు వెళ్లిపోతూ ఉంటే డెనిస్ తల తిప్పి కిటికీ వైపు చూశాడు. నేను వెనక గుమ్మంలోంచి ఇంటికి పరుగెత్తాను. అంబులెన్స్‌కి ఫోన్ చేసింది కూడా నేను కాదు, ఇంకెవరో.

సెప్టెంబర్ 7, సోమవారం

డిటెక్టివ్ వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. శ్రీధర్ మీ ఇంటికే వస్తున్నాడు కాబట్టి అడుగుతున్నానన్నాడు. మీరేమైనా చూశారా అన్నాడు. లేదన్నాను. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నారు. రాత్రి ఆయనకి అంతా చెప్పాను. "పేరు చెప్తే రేపు రేణు స్కూలు ముందు నిలబడతారు. మనకెందుకు? ఇంకెవరో చూసే ఉంటారు, వాళ్లు చెప్తారు," అన్నారు.

ఇంకెవరో చూసే ఉంటారు.

సెప్టెంబర్ 8

పాలు లేవు. బయటికి వెళ్లలేదు.

సెప్టెంబర్ 12, శనివారం

ఎదుటి ఫుట్‌పాత్ మీద డెనిస్ నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. నేను కర్టెన్ సర్దుతుంటే తలెత్తి చెయ్యి ఊపాడు. ఇరుగుపొరుగు వాళ్లు ఊపినట్టే. నవ్వాడు కూడా. వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపేసి కింద కూర్చుండిపోయాను. సాంబారు సగం ఉడికి ఆగిపోయింది.

ఈ వారం ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తితే మాట్లాడరు. ఊపిరి వినబడుతుంది. 'రాంగ్ నంబర్' అని నేనే చెప్పి పెట్టేస్తున్నాను. వాళ్లు ఏ నంబరూ అడగలేదు, అయినా చెప్తున్నాను.

విద్య ఫోన్ చేసింది. వాళ్ల పక్క అపార్ట్‌మెంట్ ఖాళీ అవుతోందట, ఎడిసన్‌కి వచ్చేయమంటోంది. ఆయన లీజు గురించి మాట్లాడుతున్నారు.

సెప్టెంబర్ 15, మంగళవారం

నేను స్నానానికి వెళ్తే ఫోన్ రేణు ఎత్తింది. మీ అమ్మ నుదుట ఇంకా చుక్క పెట్టుకుంటోందా అని ఎవరో అంకుల్ అడిగాడట. "ఇంట్లో పెట్టుకుంటుంది, బయట పెట్టుకోదు అని చెప్పాను. కరెక్టే కదా అమ్మా?" అంది.

కరెక్టే అన్నాను.

సెప్టెంబర్ 17, గురువారం

ఆస్పత్రికి వెళ్లాం. శ్రీధర్ ఎడమ కంటికి కట్టు కట్టారు. చూపు రాకపోవచ్చంటున్నారు. డ్రాయింగ్ బోర్డు ముందు పనిచేసేవాడు. వాళ్ల ముఖాలు తనకి గుర్తులేవట, పోలీసులు ఆల్బమ్ చూపిస్తే ఎవరినీ పోల్చలేకపోయాడట. సాక్షి ఎవరూ దొరక్కపోతే కేసు నిలవదని చెప్పారట.

పెరుగన్నం కలిపి పెడుతుంటే, "అంతమంది ఉన్నారు రోడ్డు మీద. ఒక్కరూ చూడలేదా వదినా?" అన్నాడు.

నన్ను అడగలేదు. అడగాలనే ఆలోచన కూడా అతనికి రాలేదు. కిటికీలో నన్ను చూసింది మర్చిపోయాడో, లేక మర్చిపోలేదో. నేను ఇంకో ముద్ద పెట్టాను.

సెప్టెంబర్ 20, ఆదివారం

మధ్యాహ్నం తలుపు చప్పుడైతే ప్రాణం పోయినంత పనయింది. ఒడెస్సా గారు. వేలి మీద నా స్టిక్కర్ ఉంది. గోడ మీంచి ఊడి పడిపోయిందని తెచ్చి ఇచ్చింది. ఆయన రేణుని తీసుకుని లైబ్రరీకి వెళ్లారు. లోపలికి రమ్మన్నాను. రానంటుందనుకున్నాను, వచ్చి కూర్చుంది.

నేను కాఫీ కలుపుతూ ఉంటే నా వీపుతో మాట్లాడింది. ఆ రోజు నా నల్ల చర్మం ముట్టుకోవడం నీకు ఇష్టం లేక ఆగిపోయావు అనుకున్నాను అంది.

గిరుక్కున తిరిగాను. అది కాదు, అది కాదు అంటూ చెప్పాను. వాల్టర్ గారు లేరు కాబట్టి, మాలో అలా పెట్టరు కాబట్టి అని. ఆవిడ కాసేపు నన్నే చూసి పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వు పోయింది.

"అంటే వాల్టర్ చచ్చిపోయాడని నాకు శిక్షా?"

శిక్ష కాదండీ, ఆచారం అన్నాను.

"దక్షిణాదిన జార్జియాలో ఒక హోటల్ ముందు నా పేరు నిలువెత్తు అక్షరాల్లో రాశారు. నన్ను మాత్రం వంటింటి వెనకనుంచి, బంగాళాదుంప తొక్కల మీంచి నడిపించి లోపలికి తీసుకెళ్లారు. మేనేజరు చాలా మంచివాడు. మేమేం చేస్తాం మేడమ్, ఇక్కడి ఆచారం అన్నాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. కాఫీ పొంగి స్టవ్ మీద పడుతున్నా ఆపలేదు. ఆవిడే లేచి ఆపింది.

చాలాసేపు మాట్లాడింది. ఆ తలుపులోంచే చాలా ఏళ్లు వెళ్లి పాడిందట. తన వాళ్లు వచ్చి కూర్చునే వీల్లేని హాల్లో, కాల్చి సాపు చేసుకున్న జుట్టుతో. తర్వాత ఒక రోజు జుట్టుని ఉన్నది ఉన్నట్టు వదిలేసి, మా వాళ్లని కూర్చోనివ్వని చోట పాడనని చెప్పేసింది. ఆ తలకట్టుతో నిన్నెవరు పిలుస్తారు అన్నాడట ఏజెంటు. నిజంగానే ఎవరూ పిలవలేదు. రికార్డుల కంపెనీ కూడా వదులుకుంది. అప్పటి నుంచి నల్లవాళ్ల హక్కుల సభలకి చర్చిల్లో పాడింది. అక్కడ అందరూ భయపడుతూనే వచ్చేవాళ్లట. మొదటి చరణం ఒకరు ఎత్తుకోవాలి, అది ఎత్తుకుంటేనే మిగతా వాళ్లు అందుకుంటారు. నా పని ఆ మొదటి చరణం, అంతే అంది.

ఆవిడకి పియానో వాయించే లూయిస్ అనే అతన్ని ఒక చర్చి బయట పోలీసు డెప్యూటీ ఒకడు చావబాదాడట. చూసింది ఆవిడొక్కతే. కోర్టులో చెప్పింది.

భయం వేయలేదా అని అడిగాను.

"కోర్టు మెట్ల మీద గౌను తడిపేసుకున్నాను. ముదురు నీలం కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. అప్పటి నుంచి పెద్ద పనికి వెళ్తే ఆ రంగే వేసుకుంటాను."

అతనికి శిక్ష పడిందా అంటే లేదంది. జ్యూరీ వాళ్లు భోజనం చేసొచ్చి వదిలేశారట. లూయిస్ మళ్లీ పియానో వాయించలేదు. మరి చెప్పి ఏం లాభం అన్నాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

"ఆ గొంతుతోనే ఇల్లు గడుపుకున్నాను. ఆ రోజు అదే గొంతుతో అతని పేరు చెప్పాను, చివరి వరుసకి వినబడేలా. ఆ చివరి వరుసలో లూయిస్ వాళ్లమ్మ కూర్చుని ఉంది."

వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది. ఆ ఆదివారం తన కిటికీలోంచి నన్ను చూసిందట. "తడి బట్టలు వదిలేసి వచ్చే మనిషివి కాదు నువ్వు," అంది. చెప్పమని మాత్రం నేను చెప్పనంది. తనకి పోయినవేవీ తిరిగి రాలేదని, అది కూడా తెలిసే చెయ్యాలని అంది.

ఆవిడ దిగి వెళ్లాక స్టిక్కర్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నా చెయ్యి ఆగింది వాల్టర్ గారి కోసమేనా? శశికళ ఇంట్లో నోములకి వాళ్ల ఆఫీసు తెల్లావిడ సూసన్ వస్తే బొట్టు పెట్టారు. సూసన్‌కి భర్త ఉన్నాడో లేడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సెప్టెంబర్ 21, సోమవారం

ఆయనతో చెప్పాను. వద్దంటే వద్దన్నారు. రేణుని గుర్తు చేశారు. నేను రేణు గురించే ఆలోచిస్తున్నానన్నాను. కాసేపటికి గొంతు తగ్గించి, "నాకు భయంగా ఉంది పద్మా," అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినలేదు. నాకూ అంతేనండీ అన్నాను. ఇన్నాళ్లూ ఈ డైరీలో కూడా ఆ ముక్క రాయలేదు నేను.

సెప్టెంబర్ 22, మంగళవారం

ఆయన కారు తాళాలు తీసుకుని ముందే కిందికి దిగారు.

నేను చీర కట్టుకున్నాను. స్టిక్కర్ కాదు, కుంకుమ పెట్టుకున్నాను. పోస్టు డబ్బా దాటేటప్పుడు చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. దించాను. గుమ్మం బయట ఒడెస్సా గారు నీలం గౌనులో నిలబడి ఉంది. కుంకం భరిణె బ్యాగులోనే ఉంది, తీశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇవాళ వద్దు. ఇవాళ నీకు భయం వేసి పెడుతున్నావు."

స్టేషన్లో గది పొడుగ్గా ఉంది. డిటెక్టివ్ బల్ల ఈ చివర ఉంటే, ఆవిడ వెళ్లి ఆ చివర తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. గ్లవ్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

డిటెక్టివ్ రాసుకుంటూ అడిగాడు. లాండ్రోమాట్ చెప్పాను, కడ్డీ చెప్పాను. శ్రీధర్ పక్కకి తప్పుకోవడం చెప్పాను. ముందెందుకు చెప్పలేదు అంటే భయపడ్డానన్నాను. పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు లోపలికి పోయింది. అతను పెన్ను ఎత్తి, వినబడలేదు, మళ్లీ చెప్పండి అన్నాడు.

నేను అతని తల మీంచి తలుపు వైపు చూసి చెప్పాను. పక్క బల్లల దగ్గర టైపు చప్పుడు ఆగింది. ఆ చివర ఆవిడ తల ఊపింది, వినబడిందన్నట్టు.

బయటికొచ్చి మెట్ల మీద వాంతి చేసుకున్నాను. ఆయన వీపు రాశారు.

నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. సాయంత్రం నుంచి కిటికీ పక్కకి వెళ్లలేదు.

సెప్టెంబర్ 26

డెనిస్‌ని పట్టుకెళ్లి బెయిల్ మీద వదిలేశారట. టైర్ల షాపు తెరిచే ఉంది. రేణుని ఆయనే స్కూల్లో దింపి ట్రెయిన్ ఎక్కుతున్నారు. ఎడిసన్ అపార్ట్‌మెంట్ ఇంకెవరో తీసుకున్నారట. మేం ఫోన్ చెయ్యలేదు.

పొద్దున కాఫీ కలుపుతుంటే నేల కింద నుంచి పాట వినబడింది. గొంతు కాస్త బొంగురు పోయింది.

అక్టోబర్ 2, శుక్రవారం

విజయదశమి. ఎవరూ రారేమో అనుకున్నాను. విద్య, శశికళ బొట్టు తీసేసి రైల్లో వచ్చి, పైకొచ్చాక మా అద్దం ముందు పెట్టుకున్నారు. శ్రీధర్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. ఇంకా దూరం సరిగ్గా తెలియడం లేదు, మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపితే పక్కకి పోతోంది. ఒడెస్సా గారు నీలం గౌనులో వచ్చి శ్రీధర్ పక్కన కూర్చుని, గ్లాసు అతని చేతికి తగిలేలా జరిపింది.

పూజయ్యాక కుంకం భరిణె తీసుకుని లేచాను. ఈసారి వరస ఆవిడతో మొదలుపెట్టాను. విద్య ఏదో అనబోయి ఆగింది. ఒడెస్సా గారు లేచి నిలబడింది. ఆవిడ నాకంటే జానెడు పొడుగు. తల వంచుతుందేమోనని చూశాను. వంచలేదు. నావైపే చూస్తూ నిటారుగా నిలబడింది. ఆ రోజు ఒకసారి వంచింది కదా.

రేణు వంటింట్లోంచి స్టూలు లాక్కొచ్చింది. నేను ఎక్కాను. బొట్టు కాస్త వంకర వచ్చింది.

అప్పుడే ఫోన్ మోగింది. శ్రీధర్ తల కిందికి దించుకున్నాడు. ఆయన లేవబోతే నేనే స్టూలు దిగి వెళ్లాను, వేలి నిండా కుంకం అలాగే ఉంది. ఎత్తాను. అదే ఊపిరి.

రాంగ్ నంబర్ అనలేదు. గది చివర ఒడెస్సా గారు నిలబడి ఉంది. ఆవిడకి వినబడేలా నా పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. నేనే మాట్లాడుతున్నాను, చెప్పండి అన్నాను.

అటువైపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్లు పెట్టేసేదాకా నేను ఫోన్ పెట్టలేదు.